పాత సిస్టమ్‌లన్నిటికీ ఒకే లైనక్స్ సర్వర్: లాగిన్ కాగానే నల్ల స్క్రీన్ వస్తోంది

వనపర్తి ల్యాబ్:
అందరికీ నమస్కారం. మాది చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. 12 పాత సిస్టమ్‌లు ఉన్నాయి, అన్నీ విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ ఆగిపోయింది, వీటిలో విండోస్ 11 ఎక్కదు. కొత్తవి కొనే పరిస్థితి లేదు. అందుకని 16 జీబీ ర్యామ్ ఉన్న ఒక సిస్టమ్‌లో ఉబుంటు 24.04 (లైనక్స్‌లో ఒక రకం) వేసి, వేరే సిస్టమ్‌ల నుంచి దాని డెస్క్‌టాప్ తెరవనిచ్చే ఎక్స్‌ఆర్‌డీపీ పెట్టి, పిల్లలంతా తమ సీట్ల నుంచే అందులోకి వచ్చేలా చేద్దామనుకున్నా. ‘స్టూడెంట్’ అని ఒక యూజర్ పెట్టాను. పాస్‌వర్డ్ కొడితే నల్ల స్క్రీన్ వచ్చి అట్లనే ఉండిపోతుంది, లేదంటే వెంటనే మూసుకుపోతుంది. సర్వర్ రీస్టార్ట్ చేసిన కొత్తలో ఒక్కోసారి లోపలికి పోతుంది. కానీ ఇంకో పిల్లగాడు లాగిన్ అయితే మొదటివాడి స్క్రీన్ ఎగిరిపోతుంది. ఒక్కొక్కరికి ఒక్కో వర్చువల్ మెషీన్ (సర్వర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్) చేయాలా? సోమవారం కొత్త బ్యాచ్ మొదలు, టెన్షన్‌గా ఉంది.

నల్గొండ సిస్టమ్స్:
సార్, ఒక మాట చెప్పండి. సర్వర్ ముందు కూర్చుని మీరు కూడా అదే స్టూడెంట్ యూజర్‌తో లాగిన్ అయి ఉన్నారా?

వనపర్తి ల్యాబ్:
అవునన్నా. అక్కడ ఎప్పుడూ అదే తెరిచి ఉంటుంది.

నల్గొండ సిస్టమ్స్:
నల్ల స్క్రీన్ అందుకే. ఒకే యూజర్ సర్వర్ దగ్గర ఒక డెస్క్‌టాప్, రిమోట్‌లో ఇంకో డెస్క్‌టాప్ తెరవబోతే రెండూ తగులుకుంటాయి, రెండోది లేవదు. సర్వర్‌కు వేరే అడ్మిన్ యూజర్ పెట్టుకోండి. పని లేనప్పుడు దాన్నీ లాగౌట్ చేసి ఉంచండి.

రెండో గొడవ కూడా ఇలాంటిదే. ఒక యూజర్‌కు సెషన్, అంటే లాగిన్ అయి తెరిచిన డెస్క్‌టాప్, నడుస్తుండగా అదే పేరుతో ఇంకొకరు వస్తే ఎక్స్‌ఆర్‌డీపీ కొత్తది తెరవదు, ఉన్న సెషన్‌నే వాళ్ల చేతికిస్తుంది. మొదటి పిల్లగాడు బయటపడతాడు. అది తప్పు కాదు, దాని పద్ధతే అంత. 12 మందికి 12 యూజర్లు చేయాల్సిందే.

వర్చువల్ మెషీన్ల జోలికి ఇప్పుడే పోకండి. ఒక్కో దానికి ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ నడపాలి, తలా 2 జీబీ ఇచ్చినా 24 అవుతుంది, మీ దగ్గరున్నది 16. లైనక్స్ మొదటి నుంచీ ఒకేసారి చాలామంది వాడుకునేలా కట్టిన వ్యవస్థ. ఒకే సర్వర్ మీద 12 సెషన్లు అంటే దానికి కొత్తేం కాదు.

ఇక డెస్క్‌టాప్. ఉబుంటుతో వచ్చే గ్నోమ్ ఈ పనికి బరువు. గ్రాఫిక్స్ కార్డు సాయం లేకుండా దాని హంగులన్నీ ప్రాసెసరే గీయాలి. ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ వేయండి. ప్రతి యూజర్ హోమ్ ఫోల్డర్‌లో ‘డాట్ ఎక్స్‌సెషన్’ అనే ఫైల్ పెట్టి, అందులో ఎక్స్ఎఫ్‌సీఈ సెషన్ మొదలుపెట్టే కమాండ్ ఒక్క లైన్ రాస్తే చాలు. 12 సార్లు రాయక్కర్లేదు. ‘ఈటీసీ’ లోపల ‘స్కెల్’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో పెట్టిన ఫైళ్లు ఆ తర్వాత చేసే ప్రతి కొత్త యూజర్‌కూ కాపీ అవుతాయి. కాబట్టి ముందు అక్కడ పెట్టి, తర్వాత యూజర్లను చేయండి. వరస మారితే ఒక్కొక్కరికీ చేత్తో కాపీ చేసుకోవాలి.

సెట్టింగ్స్‌లో ఉబుంటు సొంత రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ అయి ఉంటే ఆపేయండి. అదీ 3389 పోర్టే (రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్లు వచ్చే తలుపు నంబర్) అడుగుతుంది, ఎక్స్‌ఆర్‌డీపీతో పోటీ ఎందుకు? ‘కలర్ మేనేజ్డ్ డివైస్’ అంటూ పాస్‌వర్డ్ అడిగే పెట్టె వస్తే క్యాన్సిల్ కొట్టండి, పని ఏమీ ఆగదు.

వనపర్తి ల్యాబ్:
యూజర్లు విడగొట్టి ఎక్స్ఎఫ్‌సీఈ వేశాక నల్ల స్క్రీన్ పోయింది, చాలా థాంక్స్ అన్నా. కానీ క్లాసు అయిపోయాక కూడా ర్యామ్ ఖాళీ కావట్లేదు. సాయంత్రం బ్యాచ్‌కు సర్వర్ ఈడుస్తోంది.

నల్గొండ సిస్టమ్స్:
పిల్లలు లాగౌట్ కొట్టరు, కిటికీ మూల ఇంటూ గుర్తు నొక్కి లేచిపోతారు. అప్పుడు తెగేది కనెక్షన్ మాత్రమే. సర్వర్‌లో వాళ్ల సెషన్, తెరిచిన బ్రౌజర్‌తో సహా, నడుస్తూనే ఉంటుంది. ఎక్స్‌ఆర్‌డీపీ ఫోల్డర్‌లో ‘సెస్‌మన్’ సెట్టింగ్స్ ఫైల్ తెరవండి. అందులో ‘కిల్ డిస్‌కనెక్టెడ్’ను ట్రూ చేసి, ‘డిస్‌కనెక్టెడ్ టైమ్ లిమిట్’ను 600 పెట్టండి. ఈ లెక్క సెకన్లలో, అంటే పది నిమిషాలు. మొదటిది ట్రూ చేయకుండా రెండోది మార్చితే లాభం లేదు.

సున్నా మాత్రం పెట్టకండి. మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే. సర్వర్‌కు యూపీఎస్ ఉండి పిల్లల సిస్టమ్‌లకు లేకపోతే, కరెంటు వచ్చాక వాళ్లు మళ్లీ లాగిన్ అయి ఆపిన దగ్గరే పని అందుకోవచ్చు. ఆ వెసులుబాటు కోసమే పది నిమిషాలు అన్నాను. మీ ఊళ్లో కోత ఎక్కువసేపు ఉంటే పెంచుకోండి. ఉన్న ఒక్క యూపీఎస్ దేనికి పెట్టాలి అంటే సర్వర్‌కే.

16 జీబీతో సీ ప్రోగ్రామింగ్, లిబ్రె ఆఫీస్ నడుస్తాయి. 12 మందీ బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబ్‌లు తెరిస్తే చాలదు, 32కు పెంచండి. యూట్యూబ్ పాఠాలు ఈ దారిన చూపించాలనుకోకండి, బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తుంది. వైఫై వద్దు, కేబుల్ లాగండి. సర్వర్ నుంచి నెట్‌వర్క్ స్విచ్‌కు పోయే తీగ గిగాబిట్‌ది అయితే మంచిది. పాత సిస్టమ్‌లలో విండోస్ తీసేసి ఒక తేలికపాటి లైనక్స్, సర్వర్‌కు కనెక్ట్ అయ్యే రెమ్మినా ప్రోగ్రామ్ ఉంచితే సరిపోతుంది.

జడ్చర్ల డీటీపీ:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. ఇట్లాంటి సెటప్‌లో తెలుగు టైపింగ్ వస్తుందా? నాకు ఐబస్ (టైపింగ్ భాష మార్చే ప్రోగ్రామ్) గుర్తే కనపడట్లేదు.

నల్గొండ సిస్టమ్స్:
వస్తుందన్నా. రిమోట్ సెషన్‌లో ఐబస్ ఒక్కోసారి తనంతట తాను లేవదు. ఎక్స్ఎఫ్‌సీఈలో ‘సెషన్ అండ్ స్టార్టప్’కు పోయి ఐబస్ డీమన్‌ను చేర్చండి. తర్వాత ఐబస్ సెట్టింగ్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ ఎంచుకుంటే చాలు. టైపింగ్ సర్వర్‌లో జరుగుతుంది కాబట్టి ఫాంట్లు కూడా అక్కడే ఉండాలి, నోటో గానీ లోహిత్ గానీ వేయండి. మీరు అనూ ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో పనిచేస్తుంటే మాత్రం అవి విండోస్ సరుకు. వాటికోసం ఒక విండోస్ సిస్టమ్ పక్కన ఉంచుకోవడమే నయం.

మిర్యాలగూడ విద్యార్థి:
సార్, ఇంటి నుంచి ల్యాబ్ సర్వర్‌కు కనెక్ట్ కావాలంటే రౌటర్‌లో 3389 పోర్టును ఫార్వర్డ్ చేస్తే, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను సర్వర్‌కు మళ్లిస్తే సరిపోతుందా?

నల్గొండ సిస్టమ్స్:
వద్దు తమ్ముడూ. 3389ను ఇంటర్నెట్‌కు తెరిచిన రోజు నుంచే పాస్‌వర్డ్ ఊహించే బాట్‌లు తలుపు తడుతుంటాయి. పైగా చాలా కనెక్షన్లలో అది పని కూడా చేయదు. రౌటర్‌కు వచ్చిన బయటి అడ్రస్ చూడు. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే, ఇంటర్నెట్ కంపెనీవాళ్లు ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచుతున్నారన్నమాట. అప్పుడు నువ్వెంత ఫార్వర్డ్ చేసినా బయటివాళ్లకు దారి దొరకదు. ల్యాబ్ సారును అడిగి సర్వర్‌లోనూ నీ ల్యాప్‌టాప్‌లోనూ టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్ మీద ప్రైవేట్ నెట్‌వర్క్) ప్రోగ్రామ్ పెట్టించుకో. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడుస్తుంది, రౌటర్‌ను ముట్టుకునే పని లేదు.

వనపర్తి ల్యాబ్:
చివరగా ఒకటి. నెట్‌వర్కింగ్ నేర్చుకునే ఇద్దరు పిల్లలు సుడో (అడ్మిన్ అధికారం) కావాలంటున్నారు. ఇవ్వొచ్చా?

నల్గొండ సిస్టమ్స్:
ఆ సర్వర్‌లో ఇవ్వకండి. ఒక్క తప్పు కమాండ్‌తో 12 మందీ ఆగిపోతారు. వర్చువల్ మెషీన్ అక్కరకొచ్చేది ఇక్కడే. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం, వర్ట్ మేనేజర్ వేసి, ఇద్దరికీ చెరొకటి చేయండి, తలా 2 జీబీ. మామూలుగా వాటికి 192.168.122తో మొదలయ్యే అడ్రస్‌లు వస్తాయి. సర్వర్ నుంచి అందుతాయి గానీ, పిల్లల సీట్ల నుంచి నేరుగా అందవు. వాళ్లు ముందు సర్వర్‌లో తమ సెషన్‌లోకి వచ్చి, అక్కడి నుంచి ఎస్ఎస్‌హెచ్ (కమాండ్లతో చేసే రిమోట్ లాగిన్) చేసుకుంటే సరి. మొదలుపెట్టేముందు ఒక స్నాప్‌షాట్ (వర్చువల్ మెషీన్ అప్పుడున్న స్థితికి నకలు) తీసి ఉంచండి. చెడగొట్టినప్పుడల్లా మీరు మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని తప్పుతుంది.