రోజూ నాలుగు నిమిషాలు ముందే వచ్చిన సిగ్నల్

చుక్కలలెక్క:
1967లో జోసెలిన్ బెల్, ఆకాశంలోంచి ఆగి ఆగి లయగా రేడియో తరంగాలు పంపే పల్సార్‌ని ఎలా పట్టుకున్నారో చదివినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. అప్పుడావిడ కేంబ్రిడ్జ్‌లో పరిశోధక విద్యార్థిని. రేడియో టెలిస్కోప్ గీసే మీటర్ల కొద్దీ చార్ట్ పేపర్‌ని కళ్ళతోనే గాలించాలి. అందులో ఒకచోట చిన్న గీతల గుబురు. నక్షత్రం తీరులా లేదు, మనుషుల పరికరాల గోలలానూ లేదు. 'ఇలాంటిది ఇంతకుముందూ చూశానే' అని ఆవిడకి గుర్తొచ్చింది చూడండి, నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే. పేపర్‌ని వేగంగా నడిపిస్తే సుమారు 1.34 సెకన్లకొకటి చొప్పున, లెక్క తప్పకుండా పల్స్‌లు!

నా సందేహం: ఆ సిగ్నల్ రోజూ నాలుగు నిమిషాలు ముందే వచ్చేదట. అందుకే అది ఆకాశంలోదని నమ్మారట. ఆ నాలుగు నిమిషాలు ఎక్కడివి?

మేడమీదిదూరదర్శిని:
భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాలే. ఆలోగా సూర్యుడి చుట్టూ కూడా కాస్త జరుగుతుంది కదా, అందుకే సూర్యుడు మళ్ళీ నడినెత్తికి రావాలంటే ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. మన గడియారం సూర్యుడి లెక్కది. రోజూ ఒకే వేళకి నడిచే మోటారు గోలైతే ఆ లెక్కనే వస్తుంది. ఇదేమో నక్షత్రాల లెక్కన వచ్చింది.

మీరే చూడొచ్చు. బాగా మెరిసే నక్షత్రం ఏదైనా గోడ అంచు వెనక్కి మాయమయ్యే టైమ్ రాసుకోండి. మీ తల మాత్రం రోజూ అదే చోట ఉండాలి, కష్టమంతా అక్కడే.

రాత్రిపక్షి:
గ్రహాంతరవాసులేమో అన్న అనుమానం కూడా వచ్చింది. సరదాగా 'లిటిల్ గ్రీన్ మెన్' అని పేరు పెట్టారు. కానీ ఏదో గ్రహం నుంచి పంపుతుంటే, ఆ గ్రహం తన సూర్యుడి చుట్టూ తిరిగేకొద్దీ పల్స్‌ల మధ్య వ్యవధి కొద్దిగా మారాలి. మన భూమి కదలిక వల్ల వచ్చే తేడా తప్ప ఇంకేం కనబడలేదు. తర్వాత ఆకాశంలో ఇంకోవైపు అలాంటిదే రెండోది దొరికింది, అదీ బెల్‌కే. చివరికి అవి న్యూట్రాన్ నక్షత్రాలని, అంటే పెద్ద నక్షత్రాలు పేలిపోయాక మిగిలే, బాగా కుదించుకుపోయిన నడిభాగాలని తేలింది. ఒక్కోటి అడ్డంగా సుమారు 20 కిలోమీటర్లుంటుంది, బరువేమో సూర్యుడికన్నా ఎక్కువ! తిరుగుతూ లైట్‌హౌస్‌లా మన మీదుగా రేడియో తరంగాలు విసురుతుంది.

1974 నోబెల్ ఆవిడ గురువుకి వచ్చింది, ఆవిడకి రాలేదు. నాకది ఇప్పటికీ బాధే. 2018లో వచ్చిన 30 లక్షల డాలర్ల బహుమతిని ఆవిడ మొత్తం విద్యార్థుల స్కాలర్‌షిప్‌లకి ఇచ్చేశారు.

చుక్కలలెక్క:
చూశానండీ! గడ్డం మెట్ల రెయిలింగ్ మీద ఒకే చోట ఆనించి చూశాను. మొదటి రాత్రి 9:12కి నక్షత్రం గోడ వెనక్కి వెళ్ళింది. రెండో రాత్రి మబ్బు. మూడో రాత్రి తొమ్మిదింటికే వెళ్ళి కూర్చున్నాను. 9:04కి మాయమైంది!