పాస్టెల్ హెట్ పైడ్ బాల్ పైథాన్ ధర ఎంత అడగాలి? ఒక్కో ప్రకటనలో ఒక్కో రేటు, తల తిరిగిపోతోంది

రాత్రిపక్షి:
సాయంత్రం నుంచి ఇదే పని మీద ఉన్నాను, ఇంకా ఏమీ తేలలేదు. నా దగ్గర బాల్ పైథాన్ పాము ఉంది, పాస్టెల్ హెట్ పైడ్. అంటే పసుపు ఎక్కువున్న పాస్టెల్ రంగుది, తెల్ల మచ్చల ‘పైడ్’ జన్యువు పైకి కనబడకుండా లోపల ఉన్నది (హెట్). దాన్ని అమ్మేసి ఆ డబ్బుకి కొంచెం కలిపి పైడ్ కొనాలని ఆలోచన. రేటు తెలుసుకుందామని ప్రకటనలు చూస్తే ఒకరు పెట్టిన ధరకీ ఇంకొకరి ధరకీ ఆరేడు రెట్లు తేడా. ఫోటోల్లో అన్నీ ఒకేలా ఉన్నాయి! నేను మధ్యస్తంగా ఒక ధర పెడితే ఒకాయన వెంటనే సగానికి అడిగాడు, ఇంకొకాయన నీకు ఎవరు చెప్పారీ రేటు అని కోప్పడ్డాడు. సరైన ధర ఎంతో ఎవరైనా సూటిగా చెప్పండి, ప్లీజ్.

కుబుసం:
ఆడదా మగదా? బరువెంత? ఏం తింటోంది, బతికిన ఎలుకా, ఫ్రోజెనా? హెట్ అని రుజువేంటి? ఇవి లేకుండా ధర చెప్పలేం.

చల్లనెత్తురు:
ధర కన్నా ముందు అడగాల్సింది ఒకటుంది, అదెవరూ అడగరు. ఈ పాము ఎక్కడ పుట్టింది? బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి ఏళ్ల తరబడి ఎగుమతి అవుతోంది. వాటిలో అడవిలో పట్టినవి ఉంటాయి, గుడ్లతో ఉన్న ఆడపాముల్ని పట్టుకొచ్చి గుడ్లు పెట్టించి అక్కడే పొదిగించిన పిల్లలూ ఉంటాయి. ఈ రెండో రకాన్ని కొందరు ఇంట్లో పుట్టిన పిల్లల్లాగే అమ్మేస్తారు. అడవిలో పట్టినది చవగ్గా వస్తుంది, కానీ ఒంటి మీద గోమార్లు, కడుపులో పురుగులు, తిండి ముట్టకపోవడం, ఇవన్నీ దాంతో పాటే వస్తాయి. డాక్టర్ ఖర్చు పాము ధరను దాటిపోతుంది. పైగా బాల్ పైథాన్ సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) అనుబంధం రెండులో ఉంది, దేశాలు దాటాలంటే పర్మిట్ ఉండాల్సిందే. మీ దేశంలో పెంచడానికీ అమ్మడానికీ ఏ రిజిస్ట్రేషన్ కావాలో అది మీ చేతిలో ఉందా? కాగితం లేని పాముకి న్యాయమైన ధర అంటూ ఏదీ ఉండదు. ఎవరైనా చవగ్గా ఇస్తున్నారంటే ముందు అడగాల్సింది ఎందుకు చవక అని.

రాత్రిపక్షి:
సార్, ఇది ఇంట్లో పుట్టిందే, కాగితాలూ ఉన్నాయి, దయచేసి ధర సంగతి చూడండి. మగది. బాగానే తింటుంది. హెట్ అని నాకు అమ్మినాయన చెప్పాడు, కడుపు కింద తోక దగ్గర రెండు గీతలు పట్టాల్లా ఉన్నాయి, అదే హెట్ పైడ్‌కి గుర్తు అన్నాడు.

కుబుసం:
గీతలు రుజువు కాదు. హెట్ కాని వాటికీ ఉంటాయి.

కొండచిలువ2:
రాత్రిపక్షి గారూ, మగది అన్నారు కదా, అక్కడే సగం జవాబు ఉంది. బాల్ పైథాన్లలో ఒక మగపాముని నాలుగైదు ఆడపాములతో జత కట్టించవచ్చు, కాబట్టి పెంపకందార్లకి మగవి కొన్ని ఉంటే చాలు. ఆడది గుడ్లు పెట్టే బరువుకి, అంటే దాదాపు 1500 గ్రాములకి రావాలంటే మామూలుగా మూడేళ్లు మేపాలి. పెట్టేది కూడా ఏడాదికి ఒక్క విడతే, ఒక్కోసారి అదీ ఉండదు, విడతకి ఆరు గుడ్లు అనుకోండి. అందుకే అదే రంగు, అదే జన్యువు ఉన్నా ఎదిగిన ఆడదాని ధర మగదానికి రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. మీరు చూసిన పెద్ద ధరల్లో చాలా వరకు ఎదిగిన ఆడవాటివి అయ్యుంటాయి, మళ్లీ వెళ్లి చూడండి.

ఇంకోటి, అడిగే ధర వేరు, బేరం తెగిన ధర వేరు. పెద్ద ధర పెట్టిన ప్రకటన నెలల తరబడి అలాగే ఉందంటే ఆ ధరకి ఎవరూ కొనట్లేదని అర్థం. అలాంటివే ఎక్కువ కాలం కళ్లముందు ఉంటాయి కాబట్టి మార్కెట్ అంతా అలాగే ఉందనిపిస్తుంది. సరైన ధరకి పెట్టినవి వారంలో పోతాయి, మీరు చూసేసరికే ఉండవు. కొన్నాళ్లు గమనించండి, మీ పాములాంటిదే, అంటే మగది, దగ్గర బరువు, అదే జన్యువు, ఏ ధర దగ్గర కనబడకుండా పోయిందో రాసుకోండి. అమ్మినవాళ్లకి మెసేజ్ పెట్టి ఎంతకి ఇచ్చారని మర్యాదగా అడిగితే చాలామంది చెప్తారు కూడా.

రాత్రిపక్షి:
ఇది పనికొచ్చే మాట, థాంక్స్ అన్నా. మరి హెట్ అన్నదానికి ఎంత కలపాలి? కొందరు 100% హెట్ అని, కొందరు 66% హెట్ అని రాస్తున్నారు. 66 అంటే పాములో కొంత పైడ్ ఉన్నట్టా?

కొండచిలువ2:
కాదు. ఆ అంకె పాము గురించి కాదు, మనకున్న నమ్మకం గురించి. పైడ్ రిసెసివ్, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి జన్యువు వస్తేనే తెల్ల మచ్చలు కనబడతాయి. ఒక్కటే ఉంటే హెట్, చూడటానికి తేడా తెలీదు. తల్లిదండ్రుల్లో ఒకరు కనబడే పైడ్, ఇంకొకరు ఏమీ లేనిది అయితే పిల్లలన్నీ ఖాయంగా హెట్టే, అదే 100%. ఇద్దరూ హెట్ అయితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి పైడ్, రెండు హెట్, ఒకటి ఏమీ లేనిది. పైడ్ ఎలాగూ కనబడుతుంది, మిగతా మూడింటిలో రెండు హెట్, కానీ ఏవో తెలీదు. అందుకే 66%. హెట్‌ని ఏమీ లేనిదానితో కలిపితే 50%.

ధరకి వస్తే, 100% హెట్ మామూలు పాస్టెల్ కన్నా ఎంత ఎక్కువ పలుకుతుందో ఆ తేడాలో మూడింట రెండు వంతులు దాటి 66కి ఇవ్వకూడదు. నేనైతే ఇంకా తగ్గిస్తాను, ఎందుకంటే తేల్చుకోవడానికి పట్టే కాలం, తిండి అన్నీ కొన్నవాడి మీదే పడతాయి. మీది మగది కాబట్టి పైడ్ ఆడదానితో కలిపితే తేలుతుంది. హెట్ అయితే పిల్లల్లో సగం పైడ్ రావాలి, హెట్ అయ్యుండి కూడా ఆరు గుడ్లలో ఒక్క పైడ్ రాకపోవడం 64లో ఒకసారి జరిగే సంగతి. కొన్ని రిసెసివ్ జన్యువులకి విడిచిన కుబుసం పంపితే పరీక్ష చేసే ల్యాబులూ ఉన్నాయి, ముందు కనుక్కోండి. ఆ రిపోర్టు కానీ, తల్లిదండ్రుల ఫోటోలు కానీ లేకపోతే మీ పాముకి మామూలు మగ పాస్టెల్ ధరే న్యాయం. చెప్పడానికి బాధగానే ఉంది కానీ నేను కొనేవాడినైనా అంతే ఇస్తాను.

సరీసృప:
పాస్టెల్ కో-డామినెంట్ కాబట్టి దానికి రుజువు అక్కర్లేదు, ఒక్క జన్యువు ఉన్నా కంటికి కనబడుతుంది. కనబడే జన్యువుకి పూర్తి ధర ఇవ్వొచ్చు.

చల్లనెత్తురు:
కో-డామినెంట్ కాదు, ఇన్‌కంప్లీట్ డామినెంట్. రెండు జన్యువులు ఉన్న సూపర్ పాస్టెల్ ఒక జన్యువు ఉన్నదానికన్నా వేరుగా, ఇంకా పసుపుగా ఉంటుంది. కో-డామినెంట్ అంటే రెండు లక్షణాలూ పక్కపక్కనే కనబడాలి. ఈ తప్పు పెంపకందార్లే మొదలుపెట్టారు, కొత్తవాళ్లు అదే పట్టుకున్నారు.

సరీసృప:
అందరూ అలాగే అంటారు, అందరికీ అర్థమవుతుంది కూడా. ఇప్పుడు దాన్ని మార్చి ఎవరికి ఉపయోగం?

చల్లనెత్తురు:
ఉపయోగం ఉంది. అమ్మేవాడు సరిగ్గా చెప్పలేకపోతే వాడి రికార్డులు ఎలా ఉంటాయో ఊహించుకోండి.

కుబుసం:
ధరకి సంబంధం లేదు.

రాత్రిపక్షి:
అన్నా, ఇంకో సంగతి. నేను కొనాలనుకుంటున్నది స్పైడర్ పైడ్. మామూలు పైడ్ ధరలో సగానికే ఇస్తామన్నారు. ఆడది, 900 గ్రాములు. మంచి బేరమే కదా?

సరీసృప:
దాన్ని కొనకండి. స్పైడర్ జన్యువు ఉన్న ప్రతి పాముకీ ఎంతో కొంత తల వణుకు ఉంటుంది. లోపలి చెవి నిర్మాణంలోనే లోపం అది. కొన్నింటికి అంతగా కనబడదు, కొన్ని తల తిప్పేసుకుని ఎలుకని గురిచూడలేక అవస్థపడతాయి. పైడ్‌తో కలిస్తే స్పైడర్ గీతలు చాలావరకు పోయి దాదాపు తెల్లగా కనబడుతుంది కాబట్టి తెలియనివాళ్లు అరుదైన తెల్లపాము అనుకుని మోజుపడతారు. సగం ధరకి ఎందుకిస్తున్నారంటే పేరున్న పెంపకందార్లు చాలామంది ఆ జన్యువుని మానేస్తున్నారు, రేపు పిల్లల్ని అమ్మడమూ కష్టమే. తింటుండగా వీడియో అడగండి, తల ఎలా కదులుతుందో చూడండి. నాకు మాత్రం ధర ఎంత తగ్గినా దాన్ని మంచి బేరం అనాలని లేదు, బాధపడేది పాము.

పడగనీడ:
నన్నడిగితే ప్రాణమున్నదానికి మార్కెట్ రేటు లెక్కలు వేయడమే బాగాలేదు. బాగా చూసుకునేవాళ్లు దొరికితే ఉచితంగా ఇచ్చేయండి.

కొండచిలువ2:
పడగనీడ గారూ, మీ మనసు నాకు తెలుసు, కానీ ఉచితం అని పెడితే మొదట వచ్చేది తీసుకెళ్లి మర్నాడే అమ్ముకునేవాళ్లు. కొంత ధర పెడితే, బోను, థర్మోస్టాట్ ముందే సిద్ధంగా ఉన్నాయో లేదో అడిగితే, మాటల్లోనే మనిషి తెలిసిపోతాడు. ఇరవై, ముప్పై ఏళ్లు బతికే జీవి ఇది, ఊరికే వచ్చిందని తీసుకెళ్లేవాళ్లు అంతకాలం చూడరు.

రాత్రిపక్షి గారూ, మగపాము సంగతి ఇలా చేయండి. బోను, హీట్ మ్యాట్ ధర పాము ధరలో కలపొద్దు, విడిగా రాయండి, చాలామందికి అవి అక్కర్లేదు. ఇన్నాళ్లు మేపిన ఖర్చు అడగొద్దు, అది మన సరదాకి మనం పెట్టుకున్నది. కరిగించిన ఫ్రోజెన్ ఎలుకని ఆగకుండా తింటోందని తేదీలతో పట్టిక ఉంటే ధర నిలబడుతుంది. బాల్ పైథాన్ నెలల తరబడి తిండి మానేస్తుందని కొనేవాళ్లకి అదే పెద్ద భయం. బతికిన ఎలుకని మాత్రమే తినేదైతే ధర తగ్గించాల్సిందే. మైట్స్ (ఒంటి మీద పాకే చిన్న పురుగులు) లేవని, మూతి దగ్గర బుడగలు, ఊపిరిలో చప్పుడు లేవని దగ్గరగా తీసిన వీడియో పెట్టండి. పాముల ఊపిరితిత్తులకి సోకే నిడోవైరస్‌కి పీసీఆర్ పరీక్ష చేయించి ఉంటే ఇంకా మంచిది, చవక పాముకి అంత ఖర్చు కుదరకపోవచ్చు కానీ మీరు కొనబోయే పైడ్‌కి మాత్రం అడగండి. కొన్నాక కూడా రెండు మూడు నెలలు వేరే గదిలో ఉంచండి.

సగానికి అడిగినాయన మీద కోపం వద్దు. తిరిగి అమ్మే వ్యాపారి అయితే అతనికి అంతకన్నా ఎక్కువ ఇచ్చి లాభం ఉండదు. తొందర ఉంటే అతనికి ఇవ్వండి, లేకపోతే ఆగండి. మరీ ఆగొద్దు కూడా, గుడ్లు పొదిగి పిల్లలొచ్చే కాలంలో మార్కెట్ అంతా పిల్లలే, ధర పడుతుంది. జన్యువుల ధర ఏటా జారేదే కానీ పెరిగేది కాదు. బాబ్ క్లార్క్ అనే పెంపకందారు 1992లో మొదటిసారి అల్బినోలు పుట్టించినప్పుడు, పీట్ కాల్ అనే ఇంకో పెంపకందారు 1997లో పైడ్‌లు పుట్టించినప్పుడు అవి మామూలువాళ్లు తాకలేని ధర. ఇప్పుడు రెండూ ఎవరైనా కొనుక్కునే పాములు. పెట్టుబడి అని చెప్పి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

రాత్రిపక్షి:
తూచాను, 640 గ్రాములు. నాకు దీన్ని అమ్మినాయన్ని తల్లిదండ్రుల ఫోటోలు అడిగాను, మెసేజ్ చూశాడు కానీ జవాబివ్వలేదు. స్పైడర్ వద్దని చెప్పేశాను. థాంక్స్ అందరికీ.

కుబుసం:
ఫోటోలు రాకపోతే హెట్ అని రాయొద్దు. ‘పాస్టెల్ మగ, 640 గ్రా’ అని పెట్టండి.

చల్లనెత్తురు:
కాగితాల నకలు కూడా జత చేయండి.

సరీసృప:
హాగ్‌నోస్ పాముల్లో కూడా ఆడదానికే ధర ఎక్కువ చెప్తున్నారు, పెద్దగా పెరుగుతుందనా, గుడ్ల కోసమా? ఎవరైనా ఈ మధ్య కొన్నారా?