సెఫీడ్ తారలతో దూరాన్నీ ధూళినీ ఒకేసారి కొలవడం సబబేనా?

కోరమంగళ నుంచి:
మొన్న బెంగళూరులోని మన తెలుగు ఆకాశ పరిశీలకులం కలిసినప్పుడు తేలకుండా మిగిలిన ప్రశ్నను ఇక్కడ పెడుతున్నాను. సెఫీడ్ తార ఉబ్బి తగ్గే ఆవర్తన కాలం ఎంత ఎక్కువైతే దాని ప్రకాశం అంత ఎక్కువని 1912లో హెన్రియెటా లీవిట్ మన పాలపుంతకు దగ్గరలోని చిన్న గెలాక్సీ అయిన చిన్న మాగెల్లాన్ మేఘంలోని 25 తారలతో చూపించారు. ఆవర్తన కాలం నుంచి అసలు తేజస్సు తెలిస్తే, కనిపించే కాంతితో పోల్చి దూరం చెప్పవచ్చు. అయితే దారిలోని ధూళి కాంతిలో కొంత మింగి, మిగిలినదాన్ని ఎర్రబరుస్తుంది కనుక, ఆ ఎరుపును బట్టి ధూళిని అంచనా వేసి దూరాన్ని సరిదిద్దుతున్నారు. తెలియని రాశులు రెండు, ఆధారం ఒకే తార కాంతి. ఇది తిరిగి తిరిగి మొదటికే వచ్చే తర్కమని నా అభిప్రాయం.

మల్లేశ్వరం మాస్టారు:
అలా అనడానికి వీల్లేదండీ. ఆవర్తన కాలం తేజస్సుతో పాటు తార సహజమైన రంగును కూడా చెబుతుంది. ఉదాహరణకు, 10 రోజుల సెఫీడ్‌కు వి (ఆకుపచ్చ-పసుపు), ఐ (పరారుణానికి దగ్గరి ఎరుపు) ఫిల్టర్ల మధ్య సహజమైన తేడా సుమారు 0.75 మాగ్నిట్యూడ్ (కాంతి కొలమానం, అంకె పెరిగితే కాంతి తగ్గినట్టు). ఆండ్రోమెడాలో అలాంటి తారకు 1.05 కనిపించిందనుకుందాం. అదనంగా వచ్చిన 0.30 ధూళి పని. మామూలు ధూళి సూత్రం ప్రకారం ఐ ఫిల్టరులో ఆ 0.30కి 1.55 రెట్లు, అంటే సుమారు 0.47, వి ఫిల్టరులో సుమారు 0.77 మాగ్నిట్యూడ్ కాంతి తగ్గిందన్నమాట. దీన్ని పట్టించుకోకుండా వి ఫిల్టరు ఒక్కదాన్నే నమ్మితే దూరం 42 శాతం ఎక్కువగా వస్తుంది. అంత పెద్ద పొరపాటును సరిదిద్దగల ఆధారం చేతిలో ఉండగా వద్దనడం దేనికి?

హెబ్బాళ వాసి:
మాస్టారూ, ఆ 0.75 సగటు మాత్రమే. ఒకే ఆవర్తన కాలం ఉన్న సెఫీడ్లలో కొన్ని సహజంగానే చల్లగా, ఎర్రగా ఉంటాయి, వాటి కాంతి కూడా కాస్త తక్కువే. అంటే ధూళి లేకపోయినా అవి ధూళి కప్పిన తారల్లాగే కనిపిస్తాయి. 1982లో బారీ మాడోర్ ప్రతిపాదించిన వెసెన్‌హైట్ సూత్రపు ఇప్పటి రూపం ఐ విలువ నుంచి వి, ఐల తేడాకు 1.55 రెట్లు తీసేస్తుంది. ధూళి ప్రభావం పోవడమే కాక, ఈ సహజమైన చెదురు కూడా చాలావరకు తగ్గుతుంది కనుక దూరానికి అది మేలే. ధూళి లెక్కకు మాత్రం అదే చిక్కు, ఎందుకంటే ఒక తార ఎరుపులో ధూళి వాటా ఎంతో, తార వాటా ఎంతో ఆ సూత్రం విడదీయలేదు. దీనికి తోడు లోహాలు (ఖగోళ భాషలో హైడ్రోజన్, హీలియం కానివన్నీ) ఎక్కువైన తారల వాతావరణం నీలి కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. దాన్ని కూడా ధూళి ఖాతాలో రాసేసే ప్రమాదం ఉంది.

మల్లేశ్వరం మాస్టారు:
ఒక్క తార విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, కానీ వందల తారల సగటు తీసుకున్నప్పుడు సహజమైన తేడాలు చాలావరకు సర్దుకుంటాయి. పైగా రెండు ఫిల్టర్ల దగ్గరే ఆగాల్సిన పని లేదు. 1988లో వెండీ ఫ్రీడ్‌మన్ ఐసీ 1613 గెలాక్సీని నీలం నుంచి పరారుణం అంచు దాకా నాలుగు ఫిల్టర్లలో పరిశీలించారు. ఒక్కో ఫిల్టరులో విడివిడిగా దూరం లెక్కిస్తే, ధూళి ఉన్నచోట నీలంలో ఎక్కువ, ఎరుపులో అంతకన్నా తక్కువ వస్తుంది. ఆ విలువలను తరంగదైర్ఘ్యపు విలోమానికి ఎదురుగా గుర్తించి, గీతను సున్నా దాకా పొడిగిస్తే ధూళి లేని దూరం, గీత వాలును బట్టి ధూళి తెలుస్తాయి. తెలియనివి రెండే, కొలతలు నాలుగు. బిందువులు గీత మీద పడకపోతే ఎక్కడో తేడా ఉందని అదే పట్టిస్తుంది కనుక మొదటికే వచ్చే తర్కమన్న ఆరోపణ ఇక్కడ నిలవదు.

కోరమంగళ నుంచి:
ఆ గీత ఎలా ఉండాలో చెప్పేది మన పాలపుంత ధూళి సూత్రమే కదా? చిన్న మాగెల్లాన్ మేఘంలో చాలా దిశల్లో పాలపుంత ధూళి అతినీలలోహిత కాంతిని 2175 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా పీల్చుకునే గుర్తు కనిపించదు, అంటే అక్కడి ధూళి మనదిలాంటిది కాదు. ధూళి వల్ల వి, ఐల తేడా 0.20 పెరిగినచోట 1.55కు బదులు 1.30 వాడవలసి ఉంటే 0.05 మాగ్నిట్యూడ్ తేడా వస్తుంది. దూరంలో అది 2 శాతం పైచిలుకు. ఒకదాన్నొకటి కప్పుకునే గ్రహణ జంట తారల ద్వారా పెద్ద మాగెల్లాన్ మేఘం దూరాన్ని, సుమారు 1.62 లక్షల కాంతి సంవత్సరాలను, 2019లో 1 శాతం కచ్చితత్వంతో కొలిచాక 2 శాతం చిన్న విషయమేమీ కాదు.

హొసకోటె రాత్రులు:
అందుకే పరారుణానికి వెళ్లాలంటాను. పరారుణంలోని కె ఫిల్టరులో ధూళి దెబ్బ వి ఫిల్టరులో ఉన్నదానికి సుమారు తొమ్మిదో వంతు. మాస్టారి ఉదాహరణలో 42 శాతం పొరపాటు అక్కడ 4 శాతానికి పడిపోతుంది. అక్కడి బెడద వేరు. పరారుణంలో ఎర్ర రాక్షస తారలు బాగా మెరుస్తాయి, దూరపు గెలాక్సీల్లో వాటి కాంతి సెఫీడ్ కాంతితో కలిసిపోతుంది. జేమ్స్ వెబ్ దూరదర్శిని అవే సెఫీడ్లను మళ్లీ చూసినప్పుడు కొలతల్లో చెదురు బాగా తగ్గింది, సగటు దూరాలు మాత్రం హబుల్ ఇచ్చిన వాటితో సరిపోయాయి. ఈ దారిలో ధూళి పటం దొరకదన్నది నిజమే. కానీ దూరం కావలసినవారు ధూళి తక్కువ కనిపించే చోటా, ధూళి కావలసినవారు ఎక్కువ కనిపించే చోటా చూడాలి.

హెబ్బాళ వాసి:
చివరి మాటతో ఏకీభవిస్తాను, ఒక్క షరతు మీద. కె ఫిల్టరులో వచ్చిన దూరాన్ని స్థిరంగా పెట్టుకుని, నీలం, వి, ఐ విలువల నుంచి ధూళి సూత్రాన్నే ఆ గెలాక్సీకి విడిగా రాబట్టాలి. ముందే 1.55 అనుకుని మొదలుపెడితే కోరమంగళవారి అభ్యంతరం అలాగే ఉంటుంది.