పిల్లలతో క్యాంపింగ్‌కి వాకీటాకీలు కొనాలి, ఏవి తీసుకోమంటారు?

లక్ష్మీపురం_నాన్న

అందరికీ నమస్తే. మాది గుంటూరు. సంక్రాంతి హడావుడి అయ్యాక మేమూ మా తోడల్లుడి వాళ్లూ కలిసి రెండు కార్లలో మారేడుమిల్లి వెళ్దామనుకుంటున్నాం, రెండు రాత్రులు టెంట్లలోనే. పిల్లలు నలుగురు. పెద్దవాడికి పదకొండు, అందరికన్నా చిన్నది మా పాప, దానికి ఆరు. కిందటేడు సూర్యలంక వెళ్లినప్పుడు ఆ పెద్దవాడు పావుగంట కనపడకుండా పోయాడు, తీరా చూస్తే ముంతకింద పప్పు బండి దగ్గర క్యూలో నిలబడి ఉన్నాడు, కానీ ఆ పావుగంటలో మా ఆవిడ పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. ఈసారి వెళ్లేది చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండని చోటు.

మా బావమరిది డాలస్ నుంచి వస్తున్నాడు, నాలుగు సెట్ల ప్యాక్ తెస్తానంటున్నాడు, డబ్బా మీద 35 మైళ్లు అని ఉందట. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఆరొందలకి బొమ్మ సెట్లు చూశాను. ఆన్‌లైన్లో పోలీసుల చేతుల్లో ఉండేలాంటివి రెండు వేలకే ఉన్నాయి. ఏది తీసుకోమంటారు?

రేడియో_పిచ్చోడు

లక్ష్మీపురం గారూ, మీ బావమరిదిని చాక్లెట్లు మాత్రం తెమ్మనండి. అమెరికాలో అమ్మే ఆ ఫ్యామిలీ సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీల మీద నడుస్తాయి, అక్కడ వాటికి లైసెన్స్ అక్కర్లేదు, ఇక్కడ ఆ మినహాయింపు లేదు. మన దగ్గర లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ సెట్ పెట్టుకోవడం 1933 చట్టం నాటి నుంచీ నేరమే. 2018 అక్టోబర్‌లో వచ్చిన నిబంధనలతో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న ముక్కని మనలాంటి వాళ్లకి వదిలారు. ఐరోపాలో దీన్నే పీఎంఆర్446 అంటారు. పవర్ అర వాట్. కాబట్టి డబ్బా మీద మీరు చూడాల్సింది 35 కాదు, 446. దాంతోపాటు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ సర్టిఫికెట్, అంటే ఆ రకం సెట్‌కి ఆమోదం ఉందనే కాగితం, ఉందా అని అడగండి, అమ్మేవాడు నీళ్లు నమిలితే వదిలేయండి. ఈ వివరాలేవీ చెప్పకుండా ఆన్‌లైన్లో అమ్మేస్తున్నారనే 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ ఈ-కామర్స్ సైట్లకి నోటీసులు కూడా ఇచ్చింది.

మీరు చూసిన రెండు వేల రకం బహుశా బావోఫెంగ్ లాంటిది అయ్యుంటుంది. అది మంచి సెట్టే, కాదనను, కానీ హామ్ లైసెన్స్, అంటే సరదాకి రేడియో నడిపేవాళ్లకి పరీక్ష పెట్టి ఇచ్చే లైసెన్స్, ఉన్నవాళ్ల కోసం. నాకు లైసెన్స్ ఉంది, అయినా దాంట్లో మా ఆవిడతో మాట్లాడకూడదు, ఎందుకంటే ఆవిడకి లేదు (ఇందులో సుఖం కూడా ఉందనుకోండి). మీ పెద్దవాడికి ఆసక్తి ఉంటే పన్నెండు నిండాక పరీక్ష రాయించొచ్చు.

ఇక దూరం సంగతి. ఆ 35 మైళ్లు ఓ కొండ కొస నుంచి ఇంకో కొండ కొసకి, మధ్యలో ఏ అడ్డూ లేకపోతే. ఈ తరంగాలు దాదాపు మన చూపులాగే తిన్నగా పోతాయి. కొండపల్లి కోట మీద నిలబడి కింద ఊళ్లో ఉన్న మా తమ్ముడితో పక్కింట్లో ఉన్నంత స్పష్టంగా మాట్లాడాను, అదే కోట వెనకవైపు నాలుగడుగులు దిగేసరికి గరగర తప్ప ఏమీ లేదు. మారేడుమిల్లి అడవిలో కిలోమీటరు వస్తే సంతోషించండి, వాగులోకి దిగితే అదీ రాదు. సెట్ నిలువుగా పట్టుకోవాలి, జేబులోనో నడుముకో ఉంటే సగం సిగ్నల్ మన ఒళ్లే తాగేస్తుంది.

పటమట_అమ్మ

పై అన్నయ్య టెక్నికల్‌గా అంతా చెప్పేశారు, నేను పిల్లల సంగతి చెప్తా, మూడేళ్లుగా వాడుతున్నాం.

మొదటిసారి ఏమైందంటే మా చిన్నోడు సెట్‌ని చెడ్డీ వెనక జేబులో పెట్టుకుని బండరాయి మీద కూర్చున్నాడు. మాట్లాడే బటన్ నొక్కుకుపోయింది. ఒకరు బటన్ నొక్కి ఉంచితే ఆ ఛానెల్లో ఇంకెవరికీ దారి ఉండదు కదా, దాదాపు ఇరవై నిమిషాలు మా అందరి సెట్లలో వాడు జంతికలు నమిలే చప్పుడే. నేనెంత అరిచినా వాడికి వినపడదు. అందుకని బటన్ కాస్త లోపలికి ఉండి, గట్టిగా నొక్కితేనే పనిచేసేది చూసుకోండి. కొన్నిట్లో ఒక నిమిషమో రెండు నిమిషాలో దాటితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, పిల్లలకి అది కావాలి. గొంతు వినపడగానే ఆన్ అయ్యే వీఓఎక్స్ మాత్రం ఆపేసి ఉంచండి, గాలి వీచినా ఆన్ అవుతుంది.

రెండోది చాలా ముఖ్యం. పిల్లలు మాట పూర్తవకముందే బటన్ వదిలేస్తారు. మనమూ అంతే. మన భాషలో 'వద్దు' అనేది ఎప్పుడూ చివర్లోనే వస్తుంది. మా ఆయన "నీళ్లలోకి వెళ్లొద్దు" అన్నారు, తోక తెగి అవతల పిల్లకి "నీళ్లలోకి వెళ్లొ" అని వినపడింది. అది వెళ్లింది. మోకాలి లోతే కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచీ మా ఇంట్లో రూలు ఏంటంటే 'వద్దు' ముందు అనాలి, "వద్దు, వద్దు, నీళ్లు వద్దు" అని. బటన్ నొక్కాక ఒక్క అంకె లెక్కపెట్టి మాట్లాడమనండి, లేకపోతే మొదటి అక్షరం కూడా మింగేస్తుంది.

బ్యాటరీ అయితే ఏఏ సెల్స్ వేసుకునేవి నా ఓటు. ఛార్జింగువి బాగుంటాయి గానీ టెంట్లో ప్లగ్గు ఎక్కడుంటుంది, సెల్స్ అయితే ఊళ్లో కిళ్లీకొట్టులో కూడా దొరుకుతాయి. కార్లోంచి యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యేవైతే ఫర్వాలేదు. ఆరేళ్ల పాప చెయ్యి ఎంత ఉంటుందో చూసి కొనండి, లావుపాటి సెట్ అయితే రెండు చేతులూ కావాల్సొస్తుంది, చెరువు గట్టు మీద నడిచేప్పుడు ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. ఛానెల్ మారకుండా తాళం వేసే బటన్ ఉండాలి. మిగతా టార్చి, ఎఫ్ఎం అవీ ఇవీ దండగ.

బ్రాడీపేట_నాలుగో_లైను

ఇంత చర్చ అవసరమా బాబాయ్. ముప్పై రూపాయలకి ఈల వస్తుంది, తలా ఒకటి మెళ్లో వేయండి. తప్పిపోతే మూడుసార్లు ఊదడం, ఉన్నచోటే కూర్చోవడం. దానికి బ్యాటరీ అక్కర్లేదు, డాలస్ నుంచి తెప్పించక్కర్లేదు.

పటమట_అమ్మ

ఈల కూడా వెయ్యండి, కాదనను. కానీ ఈల ఊదితే ఆకలేసిందో కాలు బెణికిందో తెలియదు కదా తమ్ముడూ.

లక్ష్మీపురం_నాన్న

అందరికీ చాలా థ్యాంక్స్. 'వద్దు' సంగతి ఇంట్లో చదివి వినిపిస్తే అందరూ పడీపడీ నవ్వారు, తర్వాత మా ఆవిడ సీరియస్‌గా రాసి ఫ్రిజ్ మీద అంటించింది. రెండు డౌట్లు. ఘాట్ రోడ్డులో రెండు కార్ల మధ్య పనిచేస్తాయా? ప్రైవసీ కోడ్ అని ఏదో రాస్తున్నారు, అది ఉంటే బయటివాళ్లకి మన మాటలు వినపడవా?

రేడియో_పిచ్చోడు

రెండోదానికి ముందు. వినపడతాయి. ఆ కోడ్ వల్ల వేరేవాళ్ల గోల మీకు వినపడదు, అంతే, మీ మాటలు అదే ఛానెల్లో కోడ్ పెట్టుకోకుండా వినే ఎవరికైనా వినపడతాయి. పాప ఒక్కతే టెంట్లో ఉంది లాంటివి అందులో అనకండి. కార్ల మధ్య అయితే ముందుకారు, వెనకకారు ఒకే వంపులో ఉన్నంతసేపు బాగానే పనిచేస్తుంది, కొండ మలుపు తిరగ్గానే తెగుతుంది. కారు రేకు కూడా అడ్డమే, అద్దం దించి మాట్లాడండి.

గోదారిగట్టు

నేను రాజమండ్రి వైపు, ఆ రోడ్డు మీద తరచూ తిరుగుతా. అది ఏజెన్సీ ఏరియా అండీ, చెక్‌పోస్టుల్లో వాకీటాకీ చూస్తే ఇదెందుకని అడగొచ్చు. బిల్లూ, ఆ ఈటీఏ కాగితం ప్రింటూ కార్లో ఉంచుకోండి, బస చేసే చోట సిబ్బందికి ముందే చెప్పండి. పిల్లల్ని కిటికీలోంచి ఏరియల్ బయటపెట్టి "హలో హలో" అననీయకండి.

లక్ష్మీపురం_నాన్న

అప్‌డేట్. 446 రాసున్న సెట్లే రెండు జతలు తీసుకున్నాం, ఏఏ సెల్స్‌వి, నాలుగూ కలిపి తొమ్మిది వేలు దాటింది. నిన్న సాయంత్రం ట్రయల్ వేశాం. మా మేడ మీద నేను, పిల్లలు మా తోడల్లుడితో బ్రాడీపేట వైపు నడుస్తూ వెళ్లారు. ఇళ్ల మధ్య అరకిలోమీటరు దాకా మాటలు తెలిశాయి, ఆ తర్వాత గరగర. పేర్లు పెట్టుకోమంటే పెద్దవాడు ఈగిల్ అన్నాడు, మా పాప తన పేరు పునుగు అంది. రాత్రి భోజనాలకి పిలిస్తే పక్క గదిలోంచి సెట్లోనే జవాబు: "పునుగు మాట్లాడుతోంది. వద్దు, వద్దు, బీరకాయ వద్దు. ఓవర్."