స్థూలకాయ నివారణ: బడి దగ్గర నిషేధం, పన్నులు సరిపోతాయా?

శ్రీకాకుళం మాస్టారు:
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. దేశ సగటు 24 శాతం. ఇంతమందికి ఒక్కసారిగా నోటి మీద అదుపు తప్పిందని అనుకోలేం కనుక నివారణ ప్రభుత్వ విధానాలతోనే మొదలు కావాలి. మెక్సికో 2014లో తీపి పానీయాలపై లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. చిలీ 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన పొట్లాలపై నల్లని అష్టభుజి గుర్తు వేయిస్తోంది. మన దేశంలోనూ బడి గేటుకు 50 మీటర్ల లోపు అటువంటి సరుకు అమ్మకూడదని 2020లోనే నిబంధన వచ్చింది. దానిని కచ్చితంగా అమలు చేయాలి.

చీపురుపల్లి కిరాణా:
ఏ గేటుకు, మాస్టారూ? నా దుకాణం ముందు గేటుకు 60 మీటర్లు, ఎప్పుడూ తాళం వేసి ఉండే వెనుక గేటుకు 30 మీటర్లు. నిరుడు ఒక అధికారి వచ్చి నా సరుకంతా బయట పెట్టించారు. అవే పొట్లాలను వీధి చివరి పెద్ద బజారులో రెండు కొంటే ఒకటి ఉచితంగా ఇస్తున్నారు.

పలాస వాసి:
రెండు గేట్లనూ లెక్కలోకి తీసుకోవాలి.

చీపురుపల్లి కిరాణా:
అలాగైతే ఊళ్లో ఒక్క చిన్న దుకాణమూ మిగలదు. శీతల పానీయాలపై పన్ను ఇప్పటికే 40 శాతం ఉంది.

బొబ్బిలి పాఠకురాలు:
మీరంతా పొట్లాల దగ్గరే ఆగిపోయారు. మా అమ్మ ముప్పై ఏళ్లు వరి ఉభాలకు (నాట్లకు) వెళ్లింది. మోకాళ్లు పట్టేసి పని మానేసింది గానీ కంచంలో అన్నం మాత్రం మూడు పూటలా అంతే ఉంది. ఒకప్పటి చోడి (రాగి) అంబలి ఇంట్లో కనిపించడం లేదు. వైద్యుడు ‘తిండి తగ్గించు’ అని ఒక్క మాట చెప్పి పంపేశారు. నడుద్దామంటే మా ఊరికి ఉన్నది లారీలు తిరిగే రోడ్డొక్కటే, దానికి దీపాలు లేవు.

చీపురుపల్లి కిరాణా:
అదే నేనూ అంటున్నాను, ఎవరి కంచం వారు చూసుకోవాలి. పిల్లల చేతికి పది రూపాయలిచ్చి పంపేది తల్లిదండ్రులే కదా!

శ్రీకాకుళం మాస్టారు:
ఆ మాటే నాకు గుచ్చుకుంటుంది. నా కుమారుడికి పద్నాలుగేళ్లు. తరగతిలో వాడిని ‘బస్తా’ అని పిలుస్తున్నారని బడికి వెళ్లనంటున్నాడు. తప్పంతా వాడిదేనని వాడూ నమ్ముతున్నాడు. నేను చట్టం కోరుతున్నది అందుకే.

చీపురుపల్లి కిరాణా:
బాబు గురించి విని బాధపడ్డాను. కానీ వాడి మీది తప్పును తీసి నా నెత్తిన పెడుతున్నారు, నేను ఒప్పుకోలేనిది అదొక్కటే.

బొబ్బిలి పాఠకురాలు:
అయితే ఇద్దరి మీదా తప్పు మోపని పనులు కూడా అడగండి. రేషన్ బియ్యంలో కొంత భాగానికి బదులుగా చోళ్లు కోరిన ప్రతి కార్డుకూ ఏడాది పొడవునా అందాలి. ఊరి చెరువు గట్టు మీద ఆడవాళ్లు చీకటి పడ్డాక కూడా నడవగలిగేలా దీపాలు వేయాలి.