ఐదుగురి పట్టు, నలభై నలుగురి ఓటమి: 1855లో లింకన్ తప్పుకోవాల్సిందేనా?

గోదారిగట్టు:
44 ఓట్లున్న లింకన్ 5 ఓట్లున్న ట్రంబుల్‌కి అమెరికా సెనేట్ సీటు వదిలేశాడు. అందరూ దాన్ని త్యాగం అంటారు. నేను మాత్రం బ్లాక్‌మెయిల్‌కి లొంగిపోవడం అంటాను. తిట్టేవాళ్లు తిట్టండి, ముందు కథ వినండి.

1855 ఫిబ్రవరి 8, ఇల్లినాయ్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్. అప్పట్లో అమెరికా సెనేటర్లను జనం ఎన్నుకునేవారు కాదు, మన రాజ్యసభ సభ్యుల్లాగే రాష్ట్ర శాసనసభ ఎన్నుకునేది. దిగువ సభలో 75 మంది, ఎగువ సభలో 25 మంది. రెండు సభలూ ఒకేచోట కూర్చుని, పేరు పిలిచినప్పుడు నోటితో ఓటు చెప్పాలి. అంతకుముందు ఏడాది డెమొక్రాట్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన కాన్సస్–నెబ్రాస్కా చట్టం, బానిసత్వానికి 1820 నుంచి మూసి ఉన్న ప్రాంతాల తలుపులు తెరిచింది. దాంతో ఇల్లినాయ్‌లో జనం మండిపడి, ఆ చట్టాన్ని వ్యతిరేకించేవాళ్లను ఎక్కువమందిని గెలిపించారు. వాళ్లలో ఎక్కువమంది లింకన్ పార్టీ అయిన విగ్‌లు, కొందరు సొంత పార్టీ మీద అలిగిన డెమొక్రాట్లు.

మొదటి రౌండు: లింకన్ 44, అప్పటి డెమొక్రాట్ సెనేటర్ షీల్డ్స్ 41, అలిగిన డెమొక్రాట్లలో ఒకడైన ట్రంబుల్ 5. ఎవరికీ సగం దాటలేదు. ఆ ఐదుగురూ చట్టానికి వ్యతిరేకులే, లింకన్ మాటా అదే. అయినా లింకన్‌కి ఓటెయ్యలేదు, ఎందుకంటే ఆయన విగ్. పదో రౌండులో ట్రంబుల్ గెలిచాడు. ఐదుగురు పట్టుబడితే మిగతావాళ్లు వంగాలా? అయితే మెజారిటీ అనే మాటకి అర్థమేంటి?

లెక్కలమాస్టారు:
గోదారిగట్టు గారూ, మొదటి రౌండు అంకెలు చెప్పి ఆపేశారు. తొమ్మిదో రౌండు కూడా చెప్పండి మరి. మ్యాటిసన్ 47, ట్రంబుల్ 35, లింకన్ 15. అసలు కథ అక్కడుంది.

మ్యాటిసన్ అప్పటి గవర్నరు. డెమొక్రాట్లు ఏడో రౌండులో షీల్డ్స్‌ని పక్కనపెట్టి ఈయన్ని తెచ్చారు. నెబ్రాస్కా మీద ఈయన నోరు విప్పలేదు కాబట్టి అటువాళ్లకీ ఇటువాళ్లకీ పనికొచ్చాడు. అందుకే ఓట్లు పెరుగుతూ పోయాయి. లింకన్ దగ్గర మిగిలిన 15 మందిలో నలుగురైదుగురు విసిగిపోయి అటు జారితే కథ ముగిసినట్టే. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చినట్టు అవుతుంది. అప్పుడు లింకన్ తనవాళ్లతో నన్ను వదిలెయ్యండి, ట్రంబుల్‌కి వెయ్యండి అన్నాడు. ఆ మాట సభలో చెప్పి ఓట్లు మళ్లించే పని స్టీఫెన్ లోగన్ మీద పడింది. ఆయన లింకన్‌కి ఒకప్పుడు లా ప్రాక్టీసులో భాగస్వామి. పదో రౌండు: ట్రంబుల్ 51, మ్యాటిసన్ 47.

అప్పటికి లింకన్‌కి గెలిచే దారి లేదు. లేని సీటుని త్యాగం చేశాడనడం ఎంత తప్పో, లొంగిపోయాడనడమూ అంతే తప్పు.

కొండపల్లిబొమ్మ:
ఆ ఐదుగురిని అందరూ విలన్లని చేస్తున్నారు. నేను వాళ్ల తరఫున మాట్లాడతాను.

జడ్, పామర్, కుక్ ఎగువ సభలో, అలెన్, బేకర్ దిగువ సభలో. వీళ్లకు ఓట్లేసి పంపింది డెమొక్రాట్ ఓటర్లే. విగ్ పార్టీని ఏళ్ల తరబడి తిట్టిన ఊళ్లు అవి. పేరు పిలవగానే లేచి, అందరూ వింటుండగా 'లింకన్' అన్నాక ఊళ్లో మొహం ఎలా చూపించుకుంటారు? పోనీ, పట్టు ఒక్క వాళ్లదేనా? ట్రంబుల్ కూడా ఆ చట్టానికి వ్యతిరేకే. విగ్‌లు మొదటి రౌండులోనే ఆయనకు వేసి ఉంటే గొడవే లేదు. 44 మంది పట్టుబడితే పట్టుదల, ఐదుగురు పట్టుబడితే మొండితనమా?

గోదారిగట్టు:
మేడమ్, మాట బాగుంది కానీ లింకన్ ఈ సీటు కోసం పడ్డ పాట్లు చూడండి. 1854 నవంబరులో ఆయన శాసనసభకే ఎన్నికయ్యాడు. సభ్యుడిగా ఉంటే సెనేట్‌కి పోటీ చెయ్యడానికి రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకోదు. అందుకని ఆ సీటు వదులుకున్నాడు. డిసెంబరు ఉప ఎన్నికలో దాన్ని డెమొక్రాట్లు ఎత్తుకుపోయారు! ఒక ఓటు అక్కడే పోయింది. తర్వాత సభ్యులందరి పేర్లూ సొంత చేత్తో రాసుకుని, ఎవరు విగ్, ఎవరు డెమొక్రాట్, ఎవరు అలిగిన డెమొక్రాట్ అని పక్కన గుర్తులు పెట్టుకున్నాడు. దానికి తోడు జనవరిలో మంచు తుఫాను, రైళ్లు ఆగిపోయి ఎన్నిక వాయిదా. ఇంత టెన్షన్ పడ్డవాడికి చివరికి దక్కిందేంటి?

ప్రవాసి_చికాగో:
ఆ హాలు చూశాను కాబట్టి ఒక మాట. ఆ హాలున్న శాసనసభ భవనం, పాత స్టేట్ క్యాపిటల్‌ని 1960ల్లో రాయి రాయి విప్పి, నెంబర్లు వేసి, కింద కారు పార్కింగ్ కట్టి మళ్లీ పేర్చారు. మా అబ్బాయికి పైన చరిత్ర కన్నా కింద పార్కింగే నచ్చింది. హాలు మాత్రం చిన్నది. వందమంది బల్లల దగ్గర, మిగతా జనం గ్యాలరీలో కూర్చుంటే, ఎవరు గుటక మింగినా పక్కవాడికి వినబడే దూరం. అక్కడ నిలబడ్డాక నాకు కొండపల్లిబొమ్మ గారి వాదనే సబబుగా అనిపించింది.

ఇంకోటి. మర్నాడే లింకన్ తన మిత్రుడు వాష్‌బర్న్‌కి ఉత్తరం రాశాడు. తన ఓటమి బాధ కంటే మ్యాటిసన్ ఓడిన సంతోషమే ఎక్కువ అన్నాడు. అదే మ్యాటిసన్ మీద 1859లో, ప్రభుత్వం ఒకసారి చెల్లించేసిన పాత కాలవ హామీపత్రాలను (స్క్రిప్) రెండోసారి సొమ్ము చేసుకున్నాడన్న కుంభకోణం బయటపడింది. రెండు లక్షల డాలర్ల పైమాటే.

లెక్కలమాస్టారు:
తప్పు మనుషులది కాదు, పద్ధతిది. 1858లో ఇదే రాష్ట్రంలో లింకన్ కొత్త పార్టీ రిపబ్లికన్‌కి రాష్ట్రమంతా కలిపి ఓట్లు ఎక్కువొచ్చాయి. కానీ సీట్ల పంపకం పాతది, పైగా ఎగువ సభలో పదవీకాలం మిగిలున్నవాళ్లలో డెమొక్రాట్లే ఎక్కువ. 1859 జనవరి 5న సెనేట్ సీటుకి శాసనసభలో ఓట్లు: డగ్లస్ 54, లింకన్ 46. డెలావేర్ అనే ఇంకో రాష్ట్రంలో శాసనసభ తగాదా తేలక 1901 నుంచి 1903 దాకా రెండు సెనేట్ సీట్లూ ఖాళీ. జనమే నేరుగా ఎన్నుకునే 17వ సవరణ రావడానికి 1913 అయింది.

గోదారిగట్టు:
పద్ధతి మీద పడేస్తే ఎవరూ జవాబుదారీ కారు మాస్టారూ. మన ఎమ్మెల్యేలు రాజ్యసభకి ఓటేసేటప్పుడు బ్యాలెట్ పార్టీ ఏజెంటుకి చూపించాలని 2003లో మార్చారు. క్యాంపులు ఆగాయా?

కొండపల్లిబొమ్మ:
ఆగలేదు. కానీ మీరు అడిగింది లింకన్‌కి దక్కిందేంటని. వినండి. పామర్ 1856లో బ్లూమింగ్టన్‌లో కొత్త పార్టీ, అంటే రిపబ్లికన్ పార్టీ సభకి అధ్యక్షుడు. జడ్ 1858లో పార్టీ రాష్ట్ర కమిటీకి పెద్ద. 1860 మేలో చికాగోలో లింకన్ పేరుని అధ్యక్ష పదవికి ప్రతిపాదించింది ఆ జడ్డే. 1855లో పేరు చెప్పనన్న నోటితోనే! ఆ రోజు లింకన్ పంతానికి పోయుంటే వీళ్లెవరూ ఆయన గడప తొక్కేవాళ్లు కాదు.

గోదారిగట్టు:
సరే, జడ్ సంగతి నాకు తట్టలేదు. సగం ఒప్పుకుంటాను. లొంగిపోయాడన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ ఐదుగురి మీద కోపం మాత్రం పోలేదు.

ప్రవాసి_చికాగో:
మీకు తోడు ఒకావిడ ఉంది లెండి. మేరీ లింకన్. ట్రంబుల్ భార్య జూలియా ఆవిడకి ప్రాణ స్నేహితురాలు, 1842లో పెళ్లికి తోడుపెళ్లికూతురు. ఆ ఎన్నిక తర్వాత మేరీ ఆవిడతో మాట్లాడటం మానేసింది.

గోదారిగట్టు:
నాది మేరీ పార్టీ.