గల్ఫ్‌లో ఉన్న తండ్రి వచ్చేవరకు కొడుకు పుట్టువెంట్రుకలు ఆపాలా?

ప్రశ్న: జగిత్యాల జిల్లా నుంచి ఒక గృహిణి

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. మా వారు సౌదీ అరేబియాలో, రియాద్ దగ్గర ఒక నిర్మాణ కంపెనీలో పనిచేస్తున్నారు. రెండేళ్లకొకసారి సెలవు మీద ఇంటికి వస్తారు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, మూడో తరగతి చదువుతున్న కూతురు, మూడో ఏడు నడుస్తున్న కొడుకు ఉంటాము. బాబు పుట్టినప్పుడే వేములవాడ రాజన్నకు పుట్టువెంట్రుకలు ఇస్తామని, కోడెను కడతామని మొక్కుకున్నాము. మొదటి ఏడు వీలు కాలేదు. ఈ దసరాకు ఆయన వస్తారని, మొక్కు తీర్చుకొని వచ్చాక ఇంట్లో సత్యనారాయణ వ్రతం కూడా చేసుకుందామని అంతా మాట్లాడుకున్న తరువాత, కంపెనీ వారు సెలవును వచ్చే ఏడాదికి జరిపారు. అప్పటికి బాబుకు నాలుగో ఏడు వస్తుంది. సరి సంవత్సరంలో వెంట్రుకలు తీయరాదని మా వైపు పట్టింపు ఉన్నది. తండ్రి లేకుండా చేస్తే మొక్కు చెల్లదని మా అత్తమ్మ అంటున్నారు. పోనీ ఐదో ఏడు వరకు ఆగుదామంటే, అప్పటికైనా ఆయన ఇక్కడ ఉంటారన్న భరోసా ఎవరికీ లేదు.

ఇది ఒక సంగతి. రెండోది నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతున్నది. మా ఇంట్లో రోజూ సాయంత్రం దీపం ముట్టించేది మా అమ్మాయే. "మంచిగ మొక్కు బిడ్డా, నాన్న దసరాకు వస్తడు" అని అత్తమ్మ ప్రేమకొద్దీ చెబుతూ వచ్చారు. సెలవు వాయిదా పడిందని తెలిసినప్పటి నుంచి పిల్ల దేవుని అర్రలో అడుగు పెట్టడం లేదు, నాన్న ఫోను చేసినా మునుపటిలా మాట్లాడటం లేదు. "నేను రోజూ మొక్కిన కదా, మరి ఎందుకు రాలే" అని అది అడిగితే నాకు నోట మాట రాలేదు. తిట్టి పంపడం నాకు ఇష్టం లేదు, అలాగని వదిలేస్తే ఏమవుతుందో తెలియదు. శాస్త్రం తెలిసిన పెద్దలు, ఇటువంటి పరిస్థితిని దాటి వచ్చినవారు దయచేసి చెప్పండి.

జవాబు: ధర్మపురి ప్రాంతపు పురోహితుడు

అమ్మా, ముందుగా పుట్టువెంట్రుకల విషయం. శాస్త్రంలో చౌలం అనే సంస్కారం ఉన్నది; మూడో ఏడు దానికి చెప్పిన కాలాల్లో ముఖ్యమైనది, హోమంతో కూడిన ఆ సంస్కారానికి తండ్రి కర్త అన్నది కూడా నిజమే. మీ అత్తగారి మాటకు మూలం బహుశా అక్కడే ఉంటుంది. కానీ మీరు మొక్కుకున్నది క్షేత్రంలో తలనీలాల సమర్పణ, ఇంట్లో హోమం చేసి జరిపే చౌలం కాదు. ఆ వేడుకలో మన వాడుక ప్రకారం పెద్దరికం మేనమామది. బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని తొలి కత్తెర పెట్టేది ఆయనే. మీ తమ్ముడో అన్నయ్యో ఉంటే, ఈ ఏడే నిశ్చింతగా వెళ్లి రండి. ధర్మగుండంలో స్నానం, కల్యాణకట్టలో తలనీలాలు, ఆ తరువాత కోడె మొక్కు, వీటిలో ఏదీ తండ్రి లేనంత మాత్రాన ఆగదు. కోడెను పట్టుకొని ప్రదక్షిణం చేసేటప్పుడు గోత్రంతో పాటు ఆయన పేరు చెప్పండి. బయలుదేరే ముందు మాత్రం దర్శనం, కోడె మొక్కులు ఆ రోజుల్లో ఏ ఆలయంలో, ఎలా జరుగుతున్నాయో కనుక్కోవడం మంచిది. సోమవారం అయితే చంటి పిల్లవాడితో జనంలో నిలబడటం కష్టం.

ఇక వ్రతం. సత్యనారాయణ వ్రతానికి దంపతులు పీటల మీద కూర్చోవడం మనకు అలవాటే గాని, భర్త దూరంగా ఉంటే భార్య చేయరాదన్న నిషేధం అందులో లేదు. ఆ మాటకొస్తే వ్రతకథలోనే మీ ప్రశ్నకు జవాబు ఉన్నది. సాధువనే వర్తకుడు అల్లుడితో కలిసి వ్యాపారానికి దూరదేశం వెళ్లి, చేయని దొంగతనానికి చంద్రకేతు మహారాజు చెరసాలలో పడతాడు. ఇంటి దగ్గర అతని భార్య లీలావతి, కూతురు కళావతి తామే పూనుకొని వ్రతం చేస్తారు, ఆ తరువాత వారిద్దరూ విడుదలవుతారు. మగవారు పరదేశంలో ఉండగా ఆడవారు చేసిన వ్రతం అది. అంతకు ముందు సంతానం కలిగితే చేస్తానని, కూతురు పుట్టాక దాని పెళ్లినాడు చేస్తానని వాయిదా వేస్తూ పోయినవాడు ఆ వర్తకుడే. సంకల్పంలో ప్రవాసంలో ఉన్న భర్త క్షేమం కోసం అని చేర్చి చెప్పమని మీ పురోహితుణ్ని అడగండి. వ్రతకల్పం చెప్పేది కూడా సాయంకాలాన్నే కాబట్టి, ఉదయం తొమ్మిదింటికే ముగించాలన్న తొందర పెట్టుకోకండి.

జవాబు: ఆర్మూర్ వైపు నుంచి, గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన ఒకరు

చెల్లెమ్మా, పూజల సంగతి అయ్యవారు చెప్పారు. నేను సౌదీలో చాలా ఏళ్లు ఉండి వచ్చినవాణ్ని కాబట్టి అటువైపు మనిషి పరిస్థితి చెబుతాను. ఆ దేశంలో మనకు గుడి లేదు, పదిమందిలో పూజ చేసుకునే వీలు లేదు. గదిలో మంచం పక్కన పెట్టెలో ఒక చిన్న పటం, ఫోనులో చెవులకు తీగ పెట్టుకొని వినే సుప్రభాతం, శుక్రవారం సెలవు నాడు నలుగురం కలిసి వండుకునే పరమాన్నం, మా భక్తి అంతా అంతలోనే. పండుగ ఏ వారం నాడు వచ్చినా మాకు అది శుక్రవారమే. దుబాయి వైపు ఉన్నవారి పరిస్థితి కొంత వేరు. అక్కడ జెబెల్ అలీలో 2022లో పెద్ద ఆలయం తెరిచారు, అబుదాబిలో 2024 ఫిబ్రవరిలో మరొకటి ప్రారంభమైంది. రియాద్‌లో ఉన్న మీ వారికి అటువంటిది లేదు కనుక, ఇంట్లో జరిగే పూజే ఆయనకు గుడి అనుకోండి.

ఒక మాట నిష్ఠూరంగా చెబుతున్నాను, ఏమనుకోవద్దు. మొక్కు తీర్చడం వేరు, ఊరందరికీ యాటలు కోసి దావత్ ఇవ్వడం వేరు. ఆయన ఎలాగూ లేడు, కనీసం ఖర్చయినా ఘనంగా పెట్టామని అనిపించుకోవాలని మన ఇళ్లలో చాలామంది చూస్తారు. ఆ డబ్బు కోసం అక్కడ మనిషి తోటివారి దగ్గర చేబదులు తీసుకుంటాడు, ఇంట్లో ఆ మాట చెప్పడు. వచ్చే ఏడాది సెలవు మళ్లీ వాయిదా పడటానికి ఆ బాకీ కూడా ఒక కారణం అవుతుంది. మేనమామ, రెండు కుటుంబాల వారు, ఒక బండి, అంత చాలు.

వీడియో కాల్ గురించి. సౌదీ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. మీ ఇంట్లో ఆరున్నరకు దీపం పెట్టేసరికి అక్కడ నాలుగు గంటలు, ఆయన ఇంకా పనిలోనే ఉంటారు. వ్రతం మొత్తం ఫోనులో చూడమని కూర్చోబెడితే, సిగ్నల్ తెగిపోతూ, సగం మాటలు వినబడక, తాను అక్కడ లేనన్న బాధే మిగులుతుంది. దానికి బదులు ముహూర్తం ఆయననే నిర్ణయించమనండి, శుక్రవారం కలిసివస్తే మరీ మంచిది. బండి ఎవరిది మాట్లాడాలి, బాబుకు ఏ రంగు బట్టలు తీసుకోవాలి అన్నది కూడా ఆయననే అడగండి. పైసలు పంపమని కాకుండా మాట చెప్పమని ఇంటి నుంచి ఫోను వస్తే, ఆ రోజు మనిషి నడకే వేరుగా ఉంటుంది.

అమ్మాయి విషయంలో నాకు తోచింది ఒక్కటే. సెలవు ఎందుకు రాలేదో దేవుడి తరఫున మీరు జవాబు చెప్పవద్దు. నాన్నే నేరుగా చెప్పాలి. సెలవు కాగితం మీద ఎవరు సంతకం పెడతారు, తిరిగి రావడానికి వీసా ఎందుకు కావాలి, పని మధ్యలో ఉంటే కంపెనీ ఎందుకు ఆపుతుంది అని ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెబితే, అది తన మొక్కులో లోపం కాదని తెలుసుకుంటుంది.

జవాబు: కోనసీమ నుంచి ఒక ఉపాధ్యాయురాలు

మేము క్రైస్తవులం, మా ఆచారాలు వేరు. అయినా మీ అమ్మాయి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నా చిన్నతనమంతా మా అమ్మ కువైట్‌లో ఇంటిపని చేసింది, నన్నూ తమ్ముణ్నీ అమ్మమ్మ పెంచింది. రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన తప్పేది కాదు. "అమ్మ క్రిస్మస్‌కు రావాలని అడుగు, పిల్లల ప్రార్థన దేవుడు తప్పక వింటాడు" అని మా బంధువులు అనేవారు. అమ్మ రాని క్రిస్మస్ తరువాత నేను కళ్లు మూసుకొని మౌనంగా కూర్చునేదాన్ని, ఆమెన్ కూడా పలికేదాన్ని కాదు.

మా అమ్మమ్మ నన్ను బలవంతపెట్టలేదు. ప్రార్థననే కొద్దిగా మార్చింది. అమ్మను పంపించు అని అడగడం మానేసి, ఆ రోజు అమ్మ ఏం చేసి ఉంటుందో ఒక్కొక్కటి చెప్పి దాని కోసం ప్రార్థించడం మొదలుపెట్టింది: ఆ ఇంటి పిల్లలను బడికి తయారు చేసి ఉంటుంది, వేడి నూనె దగ్గర నిలబడి ఉంటుంది, నడుము నొప్పిగా ఉండి ఉంటుంది. ఆ వివరాలు నిజమో కాదో తెలుసుకోవడానికి నేను అమ్మతో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాను. రాకపోకల్లో కాపాడే దేవుణ్ని గురించిన 121వ కీర్తన మాకు అప్పుడే కంఠతా వచ్చింది. అమ్మ ఉన్నచోట శుక్రవారం తెలుగు ఆరాధన జరిగేది గాని, ఆమెకు వెళ్లే వీలు అరుదుగా దొరికేది. ఇంటిపనివారికి వారానికొక సెలవు ఇవ్వాలని కువైట్ 2015లోనే చట్టం చేసింది. నాలుగు గోడల మధ్య అది ఎంతవరకు అమలవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పురోహితులు గారు చెప్పిన కథ మీకు, మీ అత్తగారికి ధైర్యం ఇస్తుంది, కాదనను. కానీ ఇప్పుడే మీ అమ్మాయికి దాన్ని వినిపించవద్దని నా మనవి. వ్రతం చేశారు, వెంటనే నాన్న విడుదలయ్యాడు అని వింటే, ఆ పిల్లకు అది మళ్లీ పాత బేరంలాగే వినిపిస్తుంది; వ్రతం అయ్యాక కూడా నాన్న రాకపోతే ఈసారి తప్పు ఎవరి మీద వేసుకుంటుంది? అలాగే వీడియో కాల్ వద్దన్న అన్నయ్య మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. పెద్దలకు బాధే కావచ్చు, కానీ పిల్లలు అడిగితే ఐదు నిమిషాలైనా చూపించాలి. రోజూ సాయంత్రం వేళ కుదరకపోతే, పిల్ల తన గొంతుతో ఒక మాట రికార్డు చేసి పంపితే, ఆయన పని నుంచి తిరిగి వచ్చే బస్సులో వింటారు. దీపం మీరే పెట్టండి, పిల్లను పిలవకండి. తలుపు మాత్రం తెరిచి ఉంచండి.

గృహిణి మళ్లీ

మీ అందరికీ కృతజ్ఞతలు. మేనమామ సంగతి చెప్పగానే అత్తమ్మ మెత్తబడ్డారు. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వస్తానన్నాడు. తేదీ మా వారే నిర్ణయించారు. శుక్రవారం పూట ఆయన పాపతో చాలాసేపు మాట్లాడారు. ఏం చెప్పారో నన్ను వినవద్దన్నారు, నేనూ అడగలేదు. పాప ఇంకా దీపం దగ్గరికి రావడం లేదు గాని, "సంతకం పెట్టే సారు మంచోడేనా" అని ఒకసారి నన్ను అడిగింది.

ఇంకొక్క సందేహం. దసరాకు ముందు పెత్రమాస, అంటే పితృ అమావాస్య, వస్తున్నది. మా మామయ్య గారు కాలం చేశారు. ఆయన పేరు మీద బియ్యం ఇచ్చేది మా వారే. బావలు, మరుదులు ఎవరూ లేరు. ఈసారి ఎవరు ఇవ్వాలి? బాబు చేతితో ఇప్పించవచ్చా?

జవాబు: ధర్మపురి ప్రాంతపు పురోహితుడు

అమ్మా, తిలతర్పణం, పిండప్రదానం వంటివి కొడుకు చేయవలసినవి; వాటిని ఆయన వచ్చాక చేయించుకోవచ్చు. స్వయంపాకం ఇవ్వడానికి మాత్రం అడ్డు లేదు. బియ్యం, పప్పు, మీ మామగారు ఇష్టపడే కూరగాయలు, నెయ్యి, దక్షిణ చేటలో పెట్టి, కొడుకు తరఫున అని ఆయన పేరు, గోత్రం చెప్పి మీ అత్తగారే ఇవ్వవచ్చు. బాబు చెయ్యి తగిలించినా దోషం లేదు. అక్కడ మీ వారు ఆ రోజు స్నానం చేసి, దక్షిణ దిక్కుకు తిరిగి తండ్రిని తలుచుకొని ఒక నమస్కారం పెట్టి, తాను తినే అన్నంలో ఒక ముద్ద పక్షికి వేస్తే చాలు. దానికి గుడి అక్కరలేదు, సెలవు కూడా అక్కరలేదు.

మీ ఇంటి వాడుకలో ఇచ్చేది ఎవరికో, ఏ వేళకో మీ అత్తగారికి బాగా తెలిసి ఉంటుంది, ఆమె చెప్పినట్టే చేయండి. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ కాబట్టి, తంగేడు, గునుగు తేవడానికి పాపను ముందు రోజే చేనుకు పంపండి. పూలు కోయడానికి ఎవరూ దాన్ని దేవుని అర్రలోకి పిలవనవసరం లేదు.